అదను

ఈ ఏడు సూర్యుడు చెప్పిన రోజుకే వచ్చాడు.
కొండ భుజం మీద కాసేపు కూర్చుని
ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి వెళ్ళాడు.
కెకెర్తార్సువాక్‌లో పిల్లలు టోపీలు తీసి ఊపారు.
నేను ఊపలేదు. నాకు గడ్డ కొలిచే పని ఉంది.

బిబియానె నాకప్పగించిన నోటుబుక్కులో
ముప్పైయొక్క చలికాలాలున్నాయి,
అన్నీ పెన్సిలుతోనే. ఇక్కడ సిరా గడ్డకడుతుంది.
చివరి గడి పేరు "ఇతరములు".
అందులో ఆమె ఒక ఏడు తిమింగిలం అని రాసింది,
ఒక ఏడు మనవరాలు అని రాసింది,
చాలా ఏళ్ళు ఖాళీగా వదిలేసింది.

మార్చి మొదట్లో
నాన్న కుక్కల్ని ఆపి, బర్మా తిప్పి, సముద్రానికి చిల్లు పెట్టాడు.
గడ్డ మందం: రెండు జానలు.
దాని మీద మంచు: బెత్తెడు.
ఆ బెత్తెడే అసలు తలుపు.
గాజులాంటి గడ్డ కాస్తో కూస్తో వెలుగును దిగనిస్తుంది.
నిన్న రాత్రి కురిసిన ఈ దూదిపింజలే
గడియ వేసుకు కూర్చుంటాయి.

పైకి తీసిన గడ్డకడ్డీని తిరగేస్తే
అడుగు కొసన గోధుమరంగు,
టీ గ్లాసులో మిగిలే మరకంత.
"ఇదేనా నీ పంట?" అన్నాడు ఉయార్నెక్, మా నాన్న.
ఇదే.
తలకిందులుగా వేలాడే పొలం.
వేరు లేదు, కాడ లేదు.
ఒక్కో కణానికి ఒక్కో గాజు పెట్టె,
అందులోనే కాపురం.

చలికాలమంతా గాలి సముద్రాన్ని దున్నింది.
అడుగున పడి ఉన్న సత్తువంతా పైకి తేలింది.
అప్పుడు ఎరువుంది, వెలుగు లేదు.
జూన్‌లో వెలుగే వెలుగు, కన్ను మూయనివ్వదు,
అప్పటికి ఎరువు నాకేసిన గిన్నె.
ఆ రెండూ గుమ్మంలో ఎదురుపడే
మూడు నాలుగు వారాలే పైరు.

గాలి మరీ వీస్తే మొలక చీకట్లోకి జారిపోతుంది.
కరిగిన మంచినీరు ఉప్పునీటి మీద
మీగడ కట్టి పట్టుకోవాలి దాన్ని.
ఆ మీగడ మరీ చిక్కబడితే
కిందినుంచి మెతుకు అందదు.
హిమానీనదం బండల్ని నూరి పిండి పోస్తుంది,
దాని మూతి దగ్గర నీళ్ళు పాలు, లోపల మసక,
ఏమీ మొలవదు.
కాస్త దూరం పోతే ఆ పిండే
గాజు ఇళ్ళకు గోడలవుతుంది.
ఇవన్నీ నాన్నకు చెప్పాను.
"మరి నీ పొలానికి కాపలా ఎవరు?" అన్నాడు.

మార్చి ఆఖరున దక్షిణపు గాలి.
ఒక్క రాత్రిలో గడ్డ విరిగింది.
పొద్దున చూస్తే రేవు దాకా నల్లటి నీళ్ళు, ఊగుతూ.
బండి ఎత్తి గోడకు చేరవేశాం.
పడవలో వెళ్ళాను. రెండో వారానికే నీళ్ళు పచ్చబడ్డాయి,
వడపోత కాగితం లేత చిక్కుడాకులా వచ్చింది.
నాన్న దాన్ని మూతి దగ్గర పెట్టుకుని
"కీర దోసకాయ వాసన" అన్నాడు,
ఏడాదికి రెండుసార్లు ఓడలో వచ్చే దోసకాయ.
"పచ్చగా ఉందిగా, ఇంకేం?"

వల పైకి లాగాను. ఖాళీ.
ఈ పచ్చను మేసే ఎర్రని నలుసులు
ఇంకా లోతున నిద్రలో ఉన్నాయి.
వాటి లెక్క వాటిది, గడ్డ విరిగిందని వాటికెవరు చెప్పారు?
వడ్డించిన విస్తరి ముందు ఎవరూ లేరు.
పదిరోజులకు ఆ పచ్చదనమంతా
తినేవాళ్ళు లేక, మెల్లగా,
అడుగుకు రాలిపోయింది.
నాన్న గాలపుతాళ్ళకు జిగురై అంటుకుంది,
చేతిగుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆ రాత్రి బల్ల దగ్గర అంకెలు ఎక్కిస్తున్నాను.
ఉష్ణోగ్రత. ఉప్పు. లోతు.
తెల్లపళ్ళెం కనుమరుగైన చోటు: పదకొండు మీటర్లు.
బయట గొలుసులు లాక్కుంటూ కుక్కలు ఏడుస్తున్నాయి,
తిండి కోసం కాదు, పరుగు కోసం.
నాన్న లేచి వచ్చి నా చేతిలో పెన్సిలు తీసుకున్నాడు.
అతను రాయడం నేనెప్పుడూ చూడలేదు,
రసీదుల మీద సంతకం తప్ప.
చివరి గడిలో, పెద్ద పెద్ద అక్షరాలతో,
గీత దాటి పక్క గడిలోకి పోతూ:
"కుక్కలు తొమ్మిది. పని లేదు."

స్టేషన్ వాళ్ళు ఈ గడి చదవరు.
రబ్బరు పక్కనే ఉంది.
తేదీ వేసి, బుక్కు మూశాను.